డబ్బు అడిగితే అది పరిశోధన కాదు

వెన్నుపాముకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక, నెల తిరిగేలోగా ఆ కుటుంబం వాట్సాప్‌ గ్రూపులోకి ఒక వీడియో వస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న కుర్రాడు మెల్లగా లేస్తాడు. రెండు పక్కలా కడ్డీలు పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. పక్కన వాళ్లమ్మ కళ్లొత్తుకుంటుంది. కింద ఫోన్‌ నంబరు. పంపింది బెంగళూరులోని మేనమామో, అమెరికాలోని పెదనాన్న కొడుకో అయివుంటారు. ‘ఒకసారి కనుక్కోండి’ అని ఓ ముక్క రాస్తారు. కనుక్కుంటే, మూలకణాల ఇంజెక్షన్లు ఇన్ని విడతలు, విడతకు ఇన్ని లక్షలు అంటారు. ఆ రాత్రే ఇంట్లో ఊళ్లోని రెండెకరాల మాట వస్తుంది.

అమ్మకండి. పరిశోధన అంతా బూటకమని ఈ మాట అనడం లేదు. తెగిన నాడులను మళ్లీ మొలిపించే ప్రయత్నం నిజంగానే జరుగుతోంది. గట్టి బుర్రలు అందులో పనిచేస్తున్నాయి. దాని మీద ఆశ పెట్టుకోవడం అవివేకమేమీ కాదు. అయితే ఆ పరిశోధనలో చేరే రోగి డబ్బు కట్టడు. మీ దగ్గర లక్షలు అడుగుతున్నారంటే, మీకు అమ్ముతున్నది దాని పేరు మాత్రమే. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో అర్థం కావాలంటే, ఆ పరిశోధన ఎలా నడిచిందో కొంచెం తెలియాలి.

గాజు పెంకు గుచ్చుకుని చేతి నరం తెగితే సర్జన్‌ దాన్ని కుడతారు. ఆ తర్వాత లోపలి తంతువులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ముందుకు పాకుతాయి. మణికట్టు దగ్గర తెగినది వేలి కొసకు చేరడానికి నెలలు పడుతుంది. పూర్తిగా మునుపటిలా కాకపోయినా చాలామందికి స్పర్శ, కదలిక ఎంతో కొంత తిరిగొస్తాయి. వెన్నుపాములో తెగిన తంతువు సంగతి వేరు. తెగిన చోట కాస్త చిగురు వేస్తుంది, కొన్ని రోజులు తడుముకుంటుంది, ఆగిపోతుంది. ఈ సంగతిని వందేళ్ల కిందటే స్పెయిన్‌ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్‌ ఇ కహాల్‌ సూక్ష్మదర్శినిలో చూసి రాశారు. నాడీమండలం నిర్మాణం మీద చేసిన పనికి 1906లో నోబెల్‌ అందుకున్న మనిషి ఆయన. ఎదిగిన మెదడులో, వెన్నుపాములో దెబ్బతిన్న దారులు మళ్లీ తెరుచుకోవని తేల్చి, ఈ తీర్పును మార్చడం సాధ్యమైతే అది రేపటి శాస్త్రం పని అని వదిలేశారు. ఆ తీర్పు దాదాపు డెబ్బై ఏళ్లు అలాగే నిలిచింది.

1980 దశకం మొదట్లో కెనడాలోని మాంట్రియల్‌లో ఆల్బర్ట్‌ అగ్వాయో బృందం దాన్ని కదిలించింది. ఎలుక కాలి నరం ముక్కను తీసి వెన్నుపాముకు వంతెనలా అతికించింది. ఏ తంతువులు పెరగవని అనుకున్నారో, అవే ఆ వంతెనలోకి దూరి సెంటీమీటర్ల కొద్దీ పాకాయి. వంతెన దాటి మళ్లీ వెన్నుపాములోకి అడుగుపెట్టగానే ఆగిపోయాయి. రైతు భాషలో చెప్పాలంటే విత్తనం చావలేదు, నేల చవుడు. (ఎదిగిన విత్తనంలో మొలిచే చురుకు కూడా తగ్గుతుందని తర్వాత తేలింది. లోపం రెండు వైపులా ఉంది.)

ఆ చవుడు ఏమిటో వెతికినవాళ్లలో జ్యూరిక్‌ శాస్త్రవేత్త మార్టిన్‌ ష్వాబ్‌ ముఖ్యులు. కరెంటు తీగకు ప్లాస్టిక్‌ తొడుగులా నాడీ తంతువు చుట్టూ మైలిన్‌ అనే కొవ్వు పొర ఉంటుంది. మెదడు, వెన్నుపాముల్లోని మైలిన్‌లో ఎదుగుదలను ఆపేసే ప్రొటీన్లు ఉన్నాయని 1988లో ఆయన బృందం చూపింది. వాటిలో ముఖ్యమైనదాన్ని 2000లో విడదీసి గుర్తించారు, ‘నోగో’ అని పేరు పెట్టారు, ‘పోవద్దు’ అన్నట్టు. దాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఎలుకల్లో తంతువులు ముందుకు సాగాయి. గాయం మానే క్రమంలో ఏర్పడే మచ్చ కూడా ఒక అడ్డుగోడేనని, దాన్ని కరిగించే ఎంజైమ్‌ ఇస్తే ఎలుకలు మెరుగుపడుతున్నాయని 2002లో లండన్‌ పరిశోధకులు చూపారు.

చాలా వార్తలు ఇక్కడే ఆగిపోతాయి. ఎలుక నడిచింది కాబట్టి మనిషి నడిచే రోజు వచ్చేసిందన్నట్టు రాస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే.

ష్వాబ్‌ దారిలో తయారైన యాంటీబాడీని ఐరోపాలోని పలు కేంద్రాల్లో వంద మందికి పైగా రోగుల మీద పరీక్షించారు. అందరూ మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని నెల దాటనివాళ్లు. కొందరికి మందు, కొందరికి మందు లేని ఇంజెక్షన్‌. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, బలం కొలిచే డాక్టరుకూ తెలియదు. 2024 డిసెంబరులో ఫలితం అచ్చయింది. మొత్తం మీద చూస్తే చేతుల బలంలో రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. దెబ్బ పాక్షికంగా ఉండి కింద కొంత కదలిక మిగిలినవాళ్లలో మాత్రం లాభం ఉన్నట్టు ఆనవాళ్లు దొరికాయి. అదీ మళ్లీ పరీక్షించి రుజువు చేసుకోవాలి. 1988 నుంచి లెక్కేస్తే 36 ఏళ్లు. ఇన్నేళ్ల పని తర్వాత చేతికొచ్చింది ‘కొందరికి, బహుశా’ అనే మాట. దీన్ని నేను ఓటమి అనను. తమకు అనుకూలంగా లేని అంకెను వాళ్లు దాచకుండా అచ్చు వేశారు. మీకు వీడియో పంపిన కేంద్రం వాళ్లు ఏనాడైనా ‘మా దగ్గర ఇంతమందికి పనిచేయలేదు’ అని చెప్పారా?

చిన్న పరీక్ష ఎలా మురిపిస్తుందో చెప్పే పాత ఉదాహరణ కూడా ఒకటుంది. జీఎం-1 గ్యాంగ్లియోసైడ్‌ అనే మందు 1991లో, నలభై మంది కూడా లేని పరీక్షలో, మంచి మెరుగుదల చూపించింది. ఆశలు రేగాయి. తర్వాత ఏడు వందల మందికి పైగా రోగుల్లో అదే మందును పరీక్షించారు. 2001లో వచ్చిన ఫలితం ప్రకారం, ముందుగా పెట్టుకున్న లక్ష్యాన్ని అది అందుకోలేకపోయింది.

ఇందులో మోసమేమీ ఉండనక్కర్లేదు. దెబ్బ తగిలిన తొలి రోజుల్లో వాపు వల్ల, షాక్‌ వల్ల, ఉన్నదానికంటే ఎక్కువ నష్టం కనిపిస్తుంది. అవి తగ్గేకొద్దీ తెగకుండా మిగిలిన దారులు మేల్కొంటాయి. ఇలా తనంతట తాను కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో జోరుగా, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. మూడో నెలలో ఇంజెక్షన్‌ ఇచ్చారు, ఆరో నెలలో కాలి బొటనవేలు కదిలింది అనుకుందాం. పేరు ఎవరికి పోతుంది? వీడియోలోని కుర్రాడు నిజంగానే నడిచి ఉండొచ్చు. ఇంజెక్షన్‌ లేకపోతే నడిచేవాడు కాదా అన్నది ఏ వీడియో చెప్పలేదు. అది చెప్పాలంటే ఇంజెక్షన్‌ ఇవ్వని మరో గుంపు కావాలి, నెలల తరబడి కొలతలు కావాలి, ఫలితం ఎలా వచ్చినా బయటపెట్టే నిజాయతీ కావాలి.

మూలకణాల మాటకే వద్దాం. జపాన్‌లో కియో విశ్వవిద్యాలయానికి చెందిన హిదెయుకి ఒకానో బృందం, ప్రయోగశాలలో తిరిగి మూలకణాలుగా మార్చిన కణాల నుంచి నాడీకణాల ముందు దశ కణాలను పెంచి, దెబ్బతిన్న వెన్నుపాములో పెట్టింది. మొదటి ఆపరేషన్‌ 2021 డిసెంబరులో జరిగింది. నలుగురికి చేసి 2025 మార్చిలో ఫలితం ప్రకటించారు. ప్రమాదకరమైన దుష్ఫలితాలు కనిపించలేదు. ఇద్దరిలో మెరుగుదల ఉంది, వారిలో ఒకరు సాయం లేకుండా నిలబడగలుగుతున్నారు. సంతోషించాల్సిన వార్తే. కానీ ఉన్నది నలుగురు. పోల్చి చూసే గుంపు లేదు. పైగా కణాలు పెట్టింది దెబ్బ తగిలిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య. మూడేళ్ల కిందట బైకు మీద నుంచి పడిన మీ అబ్బాయికి ఈ వార్త ఇంకా వర్తించదు. ఇక్కడ మీకు ఎవరో ఇస్తామంటున్న, ఎముక మజ్జ నుంచి తీసి నడుములో ఎక్కించే కణాలకూ దీనికీ సంబంధం లేదు. రెండింటినీ ‘మూలకణాలు’ అంటారు, అంతే. ఆ ఒక్క మాట మీదే వ్యాపారం నడుస్తోంది.

మరో రకం వార్తలు కూడా మీరు చూసి ఉంటారు, స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌ నుంచి వచ్చేవి. అక్కడ గ్రెగ్వార్‌ కూర్టీన్‌, జోసెలిన్‌ బ్లాక్‌ బృందం వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, సన్నని విద్యుత్‌ తరంగాలతో ముగ్గురిని అడుగులు వేయించింది. ఆ ఫలితం 2018లో వచ్చింది. ఇది నాడులను మొలిపించడం కాదు. పూర్తిగా తెగిందనుకున్న చోట కూడా చాలామందిలో కొన్ని తంతువులు మిగిలే ఉంటాయి. వాటి గొంతు బలహీనంగా ఉంటుంది, విద్యుత్తు కింది వైపు చెవిని చురుకు చేస్తుంది. ఇదే దారిలో, ఆపరేషన్‌ అక్కర్లేకుండా మెడ వెనక చర్మం మీద అంటించే పరికరానికి 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. 60 మంది మీద పరీక్షించాకే ఇచ్చింది. అదీ మెడ దగ్గర దెబ్బ తగిలి, చేతుల్లో ఎంతో కొంత శక్తి మిగిలినవాళ్లకు, వ్యాయామంతో పాటు వాడటానికి. నా మటుకు నాకు, దగ్గరి కాలంలో ఎక్కువమందికి పనికొచ్చేది ఈ దారేననిపిస్తుంది. ‘మొలిపించడం’ అనే మాటకున్న మెరుపు దీనికి లేదు, అందుకే మన ఇళ్లలో దీని గురించి తక్కువ మాట్లాడుకుంటారు.

ఇప్పుడు చట్టం మాట. మూలకణాల విషయంలో భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్‌, 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్త సంబంధ జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి వంటివి తప్ప మిగతా వాడకమంతా ప్రయోగ దశలోనిదే. అనుమతి పొందిన క్లినికల్‌ ట్రయల్‌లోనే చేయాలి, రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను సీటీఆర్‌ఐ అనే జాతీయ పట్టికలో ముందే నమోదు చేయాలన్న నియమం 2009 నుంచి ఉంది. ఆ పట్టిక ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే ఉంటుంది, మీ ఇంట్లో ఇంటర్‌ చదివే పిల్లలు పది నిమిషాల్లో వెతికి పెడతారు. కాబట్టి ఫోన్‌ చేసినప్పుడు ‘ఎంతమంది నడిచారు’ అని అడగకండి, దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది. నమోదు సంఖ్య ఎంత అని అడగండి. ఎథిక్స్‌ కమిటీ ఏది, సమ్మతి పత్రం తెలుగులో ఇస్తారా, ఏదైనా జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది అని అడగండి. నంబరు ఇచ్చి కూడా ‘కణాలు పెంచే ఖర్చు మాత్రం మీరు పెట్టుకోవాలి’ అన్నారంటే అక్కడితో ఫోన్‌ పెట్టేయొచ్చు. నమోదు ఒక్కటే నాణ్యతకు ముద్ర కాదు కూడా. అది లేకపోతే మాత్రం మాట్లాడటానికి ఇంకేమీ లేదు.

‘మన ఒంట్లోని కణాలే కదా, పనిచేయకపోతే పోయె, హాని ఏముంది?’ అని అడిగేవాళ్లు చాలామంది. ఒక యువతి సంగతి 2014లో వైద్య పత్రికలో వచ్చింది. నడుము కింద చచ్చుబడిన ఆమె పోర్చుగల్‌లో, తన ముక్కు లోపలి పొర నుంచే తీసిన కణాలను వెన్నుపాములో పెట్టించుకుంది. కాళ్లు రాలేదు. ఎనిమిదేళ్ల తర్వాత నొప్పి మొదలైంది. తీసి చూస్తే వెన్నులో మూడు సెంటీమీటర్ల గడ్డ, అందులో ముక్కు పొరలాంటి కణజాలం, చీమిడిలాంటి పదార్థం. మన కణమే అయినా, పెట్టిన చోట ఏం చేస్తుందో ముందుగా తెలియదు. ఇంకో నష్టం గురించి ఎవరూ చెప్పరు. రేపు నిజమైన ట్రయల్‌ వస్తే, అంతకుముందు ఎక్కడో కణాలు ఎక్కించుకున్నవాళ్లను చాలా ట్రయల్స్‌ చేర్చుకోవు. లక్షలు పోసి, రేపటి తలుపును మీరే మూసుకున్నట్టవుతుంది.

‘మరైతే చేతులు కట్టుకుని కూర్చోమంటారా?’ అంటారు. న్యాయమైన కోపమే. మన దగ్గర ఈ దెబ్బ తినేది ఎక్కువగా ఇంటికి అన్నం పెట్టే మనుషులు: బైకు మీది కుర్రాడు, పరంజా మీది మేస్త్రీ, తాటిచెట్టు మీది గీత కార్మికుడు. అలాంటి ఇంటికి ‘ఆగండి, పరిశోధన జరుగుతోంది’ అని చెప్పడం ఎవరికైనా కష్టం. కానీ ఇన్నేళ్లలో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల ప్రాణాలు నిలిపిందేమిటో చూడండి. హిట్లర్‌ జర్మనీ నుంచి తప్పించుకుని ఇంగ్లండ్‌ చేరిన లుడ్విగ్‌ గుట్‌మన్‌ అనే వైద్యుడు 1944లో స్టోక్‌ మాండెవిల్‌లో వెన్నుపాము గాయాల విభాగం తెరిచారు. అప్పటిదాకా అలాంటి సైనికులు చాలామంది పడక పుండ్లతో, మూత్ర ఇన్‌ఫెక్షన్లతో కొద్దికాలానికే పోయేవారు. ఆయన రాత్రనకా పగలనకా రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పించారు, మూత్రాశయాన్ని శుభ్రంగా ఉంచారు, మంచం మీద నుంచి లేపి ఆటలాడించారు. 1948లో అక్కడ జరిపిన విలువిద్య పోటీయే తర్వాత పారాలింపిక్స్‌ అయింది. ఒక్క నాడినీ ఆయన మొలిపించలేదు.

తిరగేసి చూడండి. సూపర్‌మ్యాన్‌ వేషం కట్టిన క్రిస్టఫర్‌ రీవ్‌ 1995లో గుర్రం మీద నుంచి పడి మెడ కింద చచ్చుబడ్డారు. నాడుల పరిశోధనకు ఆయనంతగా డబ్బు పోగు చేసి, గొంతెత్తి మాట్లాడినవాళ్లు అరుదు. ఏ వైద్యానికీ కొదవ లేని మనిషి. 2004లో పడక పుండుకు సోకిన ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స పొందుతూ, గుండె ఆగి పోయారు.

అందుకే ఆ రెండెకరాలు అమ్మక తప్పదంటే, డబ్బు పోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ముందుగా కొన్ని వారాలు మంచి పునరావాస కేంద్రంలో ఉండటం. రాయలసీమ వాళ్లకు వేలూరు సీఎంసీ కొత్త కాదు. అక్కడి పునరావాస విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్‌ మేరీ వర్గీస్‌ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అలాంటి చోట మనిషి మంచం నుంచి కుర్చీలోకి మారడం నేర్చుకుంటాడు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి గొట్టంతో మూత్రం తీసుకుని, గొట్టం తీసేయడం నేర్చుకుంటాడు. ఎప్పుడూ సంచి తగిలించుకుని ఉండటం కంటే చాలామందికి ఇదే మేలు, కిడ్నీలను కాపాడేదీ ఇదే. ఇంటికొచ్చాక బాత్రూమ్‌ తలుపు వెడల్పు చేయించండి, గడప తీయించండి. ఒంటికి సరిపడే కుర్చీ, దానిలోకి మంచి కుషన్‌ కొనండి. రోజూ అద్దంతో పిరుదులు, మడమలు చూడండి. చర్మం ఎర్రబడి, ఒత్తిడి తీసేసినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. ఏడాదికోసారి కిడ్నీలు, మూత్రాశయం పరీక్ష చేయించండి. దెబ్బ ఛాతీ మధ్యభాగం నుంచి పైకి ఉంటే ఒక ప్రమాదం గుర్తుంచుకోండి: ఉన్నట్టుండి తల పగిలేలా నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు, బీపీ పైకి. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం గొట్టం మడత పడిందేమో, మూత్రాశయం నిండిపోయిందేమో చూడండి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇవన్నీ ‘సర్దుకుపోవడం’ అని, ఆశ వదిలేసుకోవడమని కొందరు నొచ్చుకుంటారు. నాకు అలా కనిపించదు. కీళ్లు బిగుసుకుపోయి, పుండ్లు పడి, కిడ్నీలు దెబ్బతిన్న మనిషిని రేపు వచ్చే ఏ ట్రయల్‌ తీసుకుంటుంది?

చివరగా, ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అతనికి ఏం కావాలి? అమెరికాలో 2004లో వెలువడిన ఒక సర్వేలో, వెన్నుపాము దెబ్బతిన్న ఆరు వందల మందికి పైగా మనుషులను ఏది ముందు తిరిగి రావాలని అడిగారు. నడక మొదటి స్థానంలో రాలేదు. మెడ దగ్గర దెబ్బ తిన్నవాళ్లు చేతులు కావాలన్నారు. నడుము కింద పోయినవాళ్లు దాంపత్య జీవితాన్ని ముందు పెట్టారు. మల మూత్రాల మీద అదుపు రెండు గుంపులకూ ముఖ్యమే. మన ఇళ్లలో ఈ మాటలు నోరు తెరిచి చెప్పుకోరు. అమ్మానాన్నలు నడక గురించి మాట్లాడుతుంటే, ఆ అబ్బాయి తన అన్నం తాను తినగలిగితే చాలని అనుకుంటూ ఉండొచ్చు.

చేతుల విషయంలో ఇవాళే చేయగలిగింది ఒకటుంది. పనిచేస్తున్న నరంలోంచి ఒక కొమ్మను తీసి, పట్టు లేని కండరానికి వెళ్లే నరానికి కలుపుతారు. చేతి నరం కదా, అక్కడ నేల మంచిది. రోజుకో మిల్లీమీటరు చొప్పున మొలుచుకుంటూ వెళ్తుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 16 మందికి ఇలా చేసిన ఫలితాలు 2019లో వచ్చాయి. చాలామంది మోచేయి చాచగలిగారు, వస్తువు పట్టుకుని వదలగలిగారు. అందరికీ కుదరదు, కుదురుతుందో లేదో చేతి శస్త్రచికిత్స నిపుణులు పరీక్షించి చెప్పాలి. కండరం పూర్తిగా ఎండిపోకముందే చేయాలి కాబట్టి, మెడ దెబ్బ తగిలిన మనిషికి దీని గురించి మొదటి ఆరు నెలల్లోనే అడగండి.